ఒక్క చెవికి పెట్టిన దూది

రెండువేల పదహారు వానకాలంల నన్ను పటాన్‌చెరు కార్ఖానల రెండో షెడ్డుకు హెడ్ ఖలాసిగ ఏసిండ్రు. ఖలాసి అంటె క్రేన్‌కు లోడు కట్టి, కింద నిలవడి సైగలు చేసేటోడు. నేను సదివింది నాలుగో తరగతి. రాసుడు ఇదే మొదలు, తప్పులుంటె ఏమనుకోకుండ్రి.

షెడ్డుల గ్రైండింగ్ మోతకు చెవులు పగులుతయి. అందుకే చెవులల్ల దూది పెట్టుకుంటుంటిమి. అది గూడ ఒక్క చెవికే. రెండోది క్రేన్ సైరన్ ఇనెతందుకు ఇడిసిపెడుదుము. కొత్తగొచ్చిన నర్సింలుకు నేనే గట్ల నేర్పిన.

ఒకనాడు పొద్దుగాల ఇనుప ప్లేటు ఎత్తుకొని క్రేన్ ఎడమ దిక్కు నుంచి వస్తున్నది. సైరన్ మోగింది. నర్సింలు తప్పుకోవాల్సింది పోయి, ఎడమకే ఉరికి సక్కగ ప్లేటు కిందికి పోయిండు. పైనున్న ఆపరేటర్ రాజు టక్కున ఆపిండు గనక బతికిండు.

సూపర్‌వైజర్ సారు మండిపడ్డడు. "పొద్దుగాల్నే తాగొచ్చినవారా? గేటు బయటికి నడువ్!" అని హాజరు కార్డు గుంజుకున్నడు.

"తాగలే సార్, ఒట్టు. సైరన్ కుడి దిక్కు ఇనవడ్డది, అందుకే ఇటు ఉరికిన" అని నర్సింలు ఏడ్సుడే.

నేను దగ్గరికి పోయి సూసిన. నోట్లె ఉల్లిగడ్డ వాసనే. ఎడమ చెవుల దూది కనవడ్డది. కుడిది ఖాళీ.

వాన్ని గోడ పక్కకు నిలవెట్టి కండ్లకు తువ్వాల కట్టిన. లోడు లేకుంట, సైరన్ కొట్టుకుంట క్రేన్ అటు ఇటు నడుపుమని రాజుకు సైగ చేసిన. "ఎటు పోతున్నదో ఏలు పెట్టి సూపియ్‌రా" అన్న. క్రేన్ ఎటు పోయినా వాని ఏలు కుడికే. దూది తీసేసిన. ఇగ ఏలు క్రేన్ ఎంబడే నడిసింది.

సారు నమ్మలే. తనే తువ్వాల కట్టుకొని, ఒక చెవుల దూది పెట్టుకొని నిలవడ్డడు. ఆయన ఏలు గూడ తప్పు దిక్కే.

"సారు గూడ తాగొచ్చిండా అన్నా?" అని పైనుంచి రాజు.

సారు నవ్వలే. తువ్వాల ఇప్పిండు, నర్సింలు కార్డు వాని చేతుల పెట్టిండు. "ఒక్క చెవికి పెట్టుమని నేర్పింది నేనే సార్" అని అందరి ముంగట ఒప్పుకున్న.

ఆ దినం సంది కొత్తోళ్లకు లోడు కట్టుడు కంటె ముందు తువ్వాల కట్టి గిదే సూపిచ్చిన. ఒక్క చెవి సప్పుడున్నదనే చెప్తది. అది ఎటు నుంచి వస్తున్నదో రెండు చెవులు కలిస్తెనే తెలుస్తది. దూదిల నుంచి గూడ సైరన్ ఇనవడుతది. పెడితె రెండింటికి పెట్టాలె, లేకుంటె దేనికీ పెట్టొద్దు.