సుగుణ మడిలో బంగారు తీగ

మా చిన్నప్పుడు... యాభైల్లో, కర్నూలులో మా పెరట్లో... ఆ ఉదయం లూసర్న్ గడ్డి ఆకులు ఇంకా నిద్ర లేవలేదు. మూడేసి ఆకులూ ఒకదానికొకటి ఆనుకుని ముడుచుకునే ఉన్నాయి. నా మడిలో పలచగా, పాలిపోయి. పక్కనే మా మేనత్త కూతురు సుగుణ మడిలో మోకాలెత్తున, ముదురాకుపచ్చగా...

చూడగానే కడుపు మండింది.

పశువులకు వేసే ఆ గడ్డి విత్తనాలు నాన్న మా ఇద్దరికీ సమంగా పంచాడు. జట్కావాళ్ల పాత లూసర్న్ మడిలో మట్టి తెచ్చి చల్లితే మొక్క బాగా ఎదుగుతుందనీ ఇద్దరికీ చెప్పాడు. కాన్వెంటుకు దసరా సెలవులు... నేను పుస్తకం వదల్లేదు. సుగుణ గంపెడు మట్టి మోసుకొచ్చింది.

మా ఇంట్లో ఒక పెయ్యదూడ ఉండేది. ఎప్పుడూ సుగుణ వెంటే. నా గడ్డి బాగా వస్తే అది నా దగ్గరికి వస్తుందని నా ఆశ... అంతే.

ఆ ఉదయమే ఇంకొకటి చూశాను. సుగుణ మొక్కల మీద సన్నటి బంగారు పోగులు అల్లుకుని, పట్టుచీర అంచులా మెరుస్తున్నాయి. ఇది కూడా సుగుణకేనా అనిపించింది.

నాన్న వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"ఇది యాడ్నుంచి వచ్చెమ్మే? బంగారు తీగ! చెట్టు సారమంతా తాగేస్తాది."

"నేనేం నాటలేదు మామా..." అంది సుగుణ.

"ఆ మట్టిలోనే వచ్చింటాది. మడంతా తవ్వి కాల్చల్ల. లేకుంటే పక్క మడి గూడా పోతాది."

మధ్యాహ్నానికి ఆ మడి బూడిదయింది. సుగుణ ఏడవలేదు. ఇక దూడ నాదే అనుకున్నాను.

నా మడి నీలంగా పూత పట్టాక, మొదటి కోత కట్ట పట్టుకుని దూడను పిలిచాను.

"ఇంగ్లీషులో పిలువు, వస్తాదేమో!" అని అమ్మ నవ్వింది.

వచ్చింది. కట్టంతా తినేసింది. తిన్నాక తిన్నగా సుగుణ దగ్గరికి పోయి చెయ్యి నాకింది.

"ఏమే, బెల్లం పెట్టుకోనుండావా?" అని అడిగాను.

"ఏం లేదు, సూడు" అని అరచెయ్యి చాపింది. నిజంగానే ఏమీ లేదు.

ఇప్పుడు దాణా సంచుల్లో వస్తోంది... ఆకులు నిద్రపోతాయంటే పిల్లలు నవ్వుతారు. చిన్నప్పుడు మీరు ఎవర్ని చూసి కుళ్లుకున్నారో చెప్పండి. నాకైతే ఆ ఖాళీ చెయ్యి మీద ఇప్పటికీ అసూయే.

ఆ దసరాకు ముందు ఎండాకాలంలో సుగుణ వాళ్లమ్మ చనిపోయింది. ఆ దూడ ఆమె పెంచిన ఆవుది. దాని పలుపు పట్టుకునే సుగుణ మా ఇంటికి వచ్చింది.