డ్రైవరుగారి పేపరు చదువు

ఇదివరకు ఆ ఇంట్లో తెల్లవారడమంటే డ్రైవరుగారి గొంతు లేవడమే. బస్సు నడపడం మానేసి ఏళ్ళయినా ఆ గొంతు మాత్రం తగ్గలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పేపరంతా పైకి చదివేవాడు. భార్య వంటింటి గుమ్మంలో కూర్చుని కూరలు తరుగుతూ వినేది. కూడబలుక్కుని చదివేంత చదువే ఆవిడది. లోకం సంగతులన్నీ ఆయన నోటి మీదుగానే ఆవిడ చెవిన పడ్డాయి.

ఇప్పుడూ అదే కుర్చీ, అదే పేపరు. చదివే మనిషే మారింది. ఆవిడ వేలు పెట్టి కూడబలుక్కుంటుంటే ఆయన కస్సుమంటున్నాడు.

"ఎర్రలైటు పడ్డట్టు మాట మాటకీ ఆగుతావేమే? ముందుకి నడిపించవే!"

"ఇన్నాళ్ళూ మీరే చదివిపెట్టారు, నేనెందుకు నేర్చుకుంటాను? తప్పెవరిది?"

ఆయన కళ్ళకేమీ కాలేదు. చూసినదాన్ని పోల్చుకునే చోట మెదడు అరిగిపోతోందనీ, మతిమరుపు జబ్బులోనే ఇదొక రకమనీ పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. "లైట్లు బాగానే ఉన్నాయట, లోపల వైరింగే పోయిందట" అని డ్రైవరుగారు వీధిలో వాళ్ళని నవ్వించేవాడు. ఇంట్లో మాత్రం నవ్వేవాడు కాదు. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటున్నాయి. ఒక వరుసలో ఉన్న చూపు ఇంకెక్కడికో జారిపోతోంది. గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే నల్లపట్టా గొయ్యిలా కనబడి ఆయన దాటలేక నిలబడిపోతే, ఆవిడ దాన్ని తీసి అటకెక్కించింది. ఆ తరువాత చూపుని తికమకపెట్టే పూల దుప్పటి, గళ్ళ టేబుల్‌గుడ్డ కూడా. ఇల్లు బోసిపోయింది. మనిషి ఎదురుగానే ఉన్నాడు, అయినా ఎవరో పోయిన ఇల్లులా ఉండేది. ఈ మాట ఎవరితో అనగలదు?

కూతురు ఆసుపత్రి నుంచి ఒక ట్యాబ్ తెచ్చింది. పేపరు ఫోటో తీస్తే చాలు, తెర మధ్యలో ఒక్కటే మాట, పెద్ద పెద్ద అక్షరాలతో కనబడుతుంది. వేలు తాకిస్తే అది పోయి, అదే చోట తరువాతి మాట వస్తుంది. చూపు వెతుక్కోనక్కర్లేదు.

"వాడి చూద్దాం నాన్నా. పనికిరాకపోతే తిరిగిచ్చేద్దాం" అంది కూతురు. ఫోటో తీసే పని తల్లికి అప్పగించింది.

మొదట్లో ఒకటే రభస. ఆయన వేలు తాకించడు, గుద్దుతాడు. మాటలు బిలబిలా పరుగెత్తేవి. "దీనికి బ్రేకులేవీ?" అని ఆయన, "మెల్లిగా నొక్కండి మహానుభావా!" అని ఆవిడ. నాలుగు రోజులకి చెయ్యి కుదిరింది. ఆ వేళ ఆవిడ పేపరు పరిచి, ఫోటో తీసి, చేతికిచ్చి గిన్నెల దగ్గరికి వెళ్ళింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "వంతెన పనులు... మెడలో గంట ఉన్న తెల్లపిల్లి... వచ్చే నెలకల్లా పూర్తి చేస్తామని... కొద్ది రోజులుగా కనబడటం లేదని... ఇంజనీరు హామీ ఇచ్చారు..."

"వంతెన మీదకి పిల్లెలా వచ్చిందండీ? కళ్ళకి తోడు నోరూ దారి తప్పిందా?" అని అక్కడినుంచే అరిచింది ఆవిడ.

వచ్చి చూస్తే ట్యాబ్ బోర్లా పడి ఉంది.

"నిజం చెప్పవే. నా బుర్ర మొత్తం పోయిందా?"

ఆవిడ వంగి ట్యాబ్ తీసింది.

"అమ్మాయిని ఇది పట్టుకుపొమ్మను. పేపరు కూడా మానిపించు. ఇక వద్దు నాకు."

ఆవిడ కూతురికి ఫోను చేసి సంగతి చెప్పింది. "మాటలు కూడా కలగాపులగం అవుతాయని డాక్టరు ముందే చెప్పాడుగా అమ్మా. సాయంత్రం వచ్చి తీసుకెళ్తాలే" అంది కూతురు. ఆ తాపీతనానికి ఆవిడకి ఒళ్ళు మండింది. ఫోను పెట్టేసి, కోపమంతా పేపరు మీద చూపిస్తూ దాన్ని మడవబోయింది. పెద్దక్షరాల్లో 'వంతెన' కనబడి చెయ్యి ఆగింది. వేలు పెట్టి కూడబలుక్కుంది. పక్క నిలువు వరుసలోకి చూసింది.

"ఏమండీ! పిల్లి ఉందండీ!"

"ఏ పిల్లి? ఎక్కడ?" అంటూ ఆయన కాళ్ళు పైకి లాక్కున్నాడు.

"పేపర్లోనండీ! ఈ పక్క వంతెన, ఆ పక్క పిల్లి. నేను రెండూ కలిపి ఫోటో తీశాను. మీ మాయదారి పెట్టె అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చదివింది."

"అంటే నేను సరిగ్గానే చదివానంటావా?"

"ఒక్క ముక్క పొల్లుపోలేదు."

"మరి నన్ను పిచ్చివాణ్ణి చేశావు కదే రాక్షసీ!"

"చేశాను. నోరు మూసుకుని ఇది చదవండి" అని ఆవిడ పేపరుని ఒక్క నిలువు వరుసే కనబడేలా సన్నగా మడిచి మళ్ళీ ఫోటో తీసి ఇచ్చింది. కొంగుతో కళ్ళొత్తుకుని, వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పింది.

"మెడలో గంట ఉన్న తెల్లపిల్లి... వింటున్నావా?"

"తోముతూ వింటాను, చదవండి."

"ఆ మోతలో ఏం వింటావు? నేను గోడకి చదవాలా?"

ఆవిడ విసురుగా కుళాయి కట్టేసింది. సింకు నిండా జిడ్డు గిన్నెలు. కూతురొస్తే వంటిల్లు చూసి ఒకటంటుంది. అననీ. చెయ్యి తుడుచుకుని వచ్చి, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇంతకీ పిల్లి దొరికిందా లేదా?"

"ఉండవే, తరువాతి మాట రావద్దూ!"