అమ్మ చూపించిన తలుపు

దయ్యాలూ పూర్వజన్మలూ నాకు పట్టవు. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసినవాణ్ణి. రెండుచోట్ల విచారించందే ఎవరి మాటా నమ్మేవాణ్ణి కాదు. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ బయట చెప్పలేదు.

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో, వ్యాపారం బాగా సాగుతున్నప్పుడు, అమ్మకూ నాయనకూ సముద్రం చూపించాలనిపించింది. మద్రాసులో ఓడెక్కి, పినాంగు మీదుగా సింగపూరు వెళ్ళి, అదే ఓడలో తిరిగి రావడం. పనేమీ లేదు, ఊరికే విహారం. సోమందేపల్లి దగ్గర మా ఊళ్ళో జనం నవ్వారు. నాయన మాత్రం కొత్త పంచెలు కొనుక్కున్నాడు. అమ్మ అంతవరకూ కదిరి తిరునాళ్ళకు తప్ప దూరం పోయింది లేదు. మేమందరం అలాగే అనుకునేవాళ్ళం.

ఓడ చాలా పెద్దది, చాలా పాతది. మెట్ల చెక్కలు మధ్యలో అరిగి గుంటలు పడ్డాయి. నడవలన్నీ ఒకేలా ఉండేవి. బోర్డులు చదవగలిగిన నేనే మొదటిరోజు మా గది దొరక్క రెండుసార్లు దారి తప్పాను.

రెండోరోజు అలలు ఎక్కువై నాయనా నేనూ వాంతులతో పడిపోయాం. అమ్మకు ఏమీ కాలేదు. కాసేపు కనబడకుండా పోయి, చెంబు నిండా వేడినీళ్ళతో వచ్చింది.

"యాడ తెచ్చినావమ్మా?"

"కింద. మెట్లు దిగి ఎడంపక్కకు తిరిగితే వంటిల్లుండాది కదా."

ఎవరో చూపించి ఉంటారనుకున్నాను. తెలుగూ, కాస్త కన్నడమూ తప్ప ఆమెకు వేరే భాష రాదన్నది అప్పుడు తట్టలేదు.

మూడోరోజు మధ్యాహ్నం మళ్ళీ కనబడలేదు. నాయనా నేనూ వెతుకుతూ కింది అంతస్తుకు దిగాం. నడవ చివర, గోడకు అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"ఈడ తలుపుండాల. ఏమైందప్పా?" అంది నన్ను చూసి.

పక్కన రంగు వేస్తున్న ముసలి కళాసీ చెయ్యి ఆపి, ఆమె ఏమంటోందని అరవంలో అడిగాడు. కంచి బేరాల వల్ల నాకు ఆ భాష వచ్చు. చెప్పాను. అతను అమ్మను ఎగాదిగా చూసి, బ్రష్షు కాడతో గోడ మీద కొట్టాడు. డొల్లగా మోగింది. అక్కడ ఒకప్పుడు ఆడవాళ్ళ ఆస్పత్రి గది ఉండేదట. తను పనిలో చేరిన ఏడాదే తలుపు తీసేసి మూసేశారట. ముప్పై ఏళ్ళు దాటిందన్నాడు. ఈమెకు ఎవరు చెప్పారని నన్నే అడిగాడు.

ఇనాం కోసం నాటకమాడుతున్నాడేమోనని నాకు ముందు అతని మీదే అనుమానం వచ్చింది. అతనికి తెలుగు రాదు కాబట్టి, లోపల ఏముండేదని అమ్మను తెలుగులో అడిగాను.

"రెండు గుండు కిటికీలు. ఒగదానికి అద్దం లేదు. రేకు బిగిచ్చినారు."

ఆ మాట కళాసీకి చెప్పకుండా, ఆ గది బయటివైపు చూపించమన్నాను. మా ముగ్గురినీ ఆ అంతస్తు బయటి డెక్కు మీదికి తీసుకెళ్ళాడు. రెండు గుండ్రటి కిటికీలు, రెండూ దట్టమైన తెల్లరంగు కింద కప్పుకుపోయి ఉన్నాయి. గోటితో గీకాను. మొదటిదాని కింద గాజు తగిలింది. రెండోదాని కింద ఇనుము.

నాయన నా వెనకే నిలబడి అంతా చూశాడు.

"ఏమ్మే, ఎవురితో వచ్చినావు ముందు ఈ ఓడలో?"

అమ్మ ముఖం పాలిపోయింది. "నేను సముద్రం చూసిందే మొన్న. నీకు తెల్దా?"

"మరి ఇదెట్ల తెలిసె?"

"ఏమో. కాళ్ళే ఈడికి తెచ్చినాయి."

ఆయన నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. పదమూడో ఏట కాపురానికి వచ్చిందంటారు. అంతకుముందు సంగతి ఏదో మా దగ్గర దాచారనిపించింది. సింగపూరులో ముగ్గురం ఒకే వీధిలో వేరువేరుగా నడిచాం. తిరుగు ప్రయాణంలో అమ్మ కలిపిచ్చిన మజ్జిగ కూడా నాయన ముట్టలేదు. ఆమె గది దాటి బయటికి రాలేదు.

ఊరు చేరిన వారానికే నాయన నన్ను వెంటబెట్టుకుని అమ్మ పుట్టిల్లు అమరాపురం పోయాడు. మేనమామను అడిగాం. చిన్నప్పుడు ఆమెతో ఆడుకున్న ముసలమ్మలను అడిగాం. పెళ్ళికి ముందు మడకశిర సంత దాటి ఎరగదన్నారు. ఓడెక్కి వచ్చిన మనిషే ఆ చుట్టుపక్కల లేడన్నారు.

ఇంటికొచ్చి, నాయన అమ్మ చేత సంగటి పెట్టించుకుని తిన్నాడు. కానీ ఆ తర్వాత కూడా, ఆమె వంచిన తల ఎత్తకుండా పని చేసుకుంటుంటే, కొత్తమనిషిని చూసినట్టు చూసేవాడు.

ఐదారేళ్ళకు నాయన మంచం పట్టాడు. హిందూపురం ఆస్పత్రిలో, ఇంక ఎన్నో రోజులు లేవని తెలిశాక, ఒక పొద్దున అమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

"నేనేమీ అననులే. ఇప్పుడన్నా చెప్పు."

అమ్మ ఆ చెయ్యి వదల్లేదు. ఏడుస్తూ తల అడ్డంగా ఊపింది.

నాయన కర్మలు అయిపోయాక నేనూ అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"నాకు తెలిసింటే మీ నాయనకు చెప్పకుండా పంపుతానా అప్పా?" అంది.

అమ్మ అబద్ధమాడలేదని నమ్ముతున్నాను. మేము చూసిందీ అబద్ధం కాదు. ఈ రెండూ ఎలా పొసగుతాయో ఈ రోజుకీ నాకు తెలియదు. నాయన అది తెలుసుకోకుండానే పోయాడు.