నీలవ్వ మోచేయి, రషీద్ సారు కోణమానిని

అబ్దుల్ రషీద్ సారు దృష్టిలో లోకంలో వంకర అనేదే లేదు. ఉన్నదల్లా కోణం. దానికో పేరు, ఇన్ని డిగ్రీలని ఒక కొలత. ఆర్మూర్ బడిలో ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పిన ఆ మనిషి జేబులో పెన్ను ఉన్నా లేకున్నా, పిల్లలు 'డీ' అని పిలిచే కోణమానిని మాత్రం ఉండేది. అది బయటికి వచ్చిందంటే పెద్దమనుషులు పక్క సందులోకి తిరిగేవారు.

తిరగరా మరి? పసుపు మార్కెట్లో ఒక వ్యాపారి కుప్ప పక్కన గొంతుక్కూర్చుని దాని ఏటవాలు కొలిచాడు. "ముప్పై తొమ్మిది. ఎండిన కొమ్ము ఇంత నిటారుగ నిలవడదు, జారుతది. గిది పచ్చి మాలు" అని కొనేవాళ్ల ముందే తేల్చేశాడు. ఆ కుప్ప ఆ రోజు కదల్లేదు.

పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు హెడ్‌మాస్టరు వంగి నమస్కారం పెట్టాడు. నడుము దగ్గర సరిగ్గా లంబకోణం వచ్చిందని, కష్టపడితే లఘుకోణం కూడా సాధ్యమేనని సారు స్టాఫ్‌రూంలో ప్రకటించాడు. నెల తిరక్కుండా ధర్పల్లికి బదిలీ అయింది. మూడేళ్లు బస్సులో తిరిగి అర్జీ పెట్టాడు. బదిలీ గురించి కాదు, బస్సు ఎడమకు ఆరు డిగ్రీలు ఒరుగుతోందని.

మొహమాటానికైనా ఒక డిగ్రీ పెంచడు, తగ్గించడు. ఊరి బాధంతా అదే.

పెర్కిట్‌లో ఆయన ఇంటి గోడ పక్క ఇల్లు నీలవ్వది. మార్కెట్లో పసుపు గంపలు మోసి బతికే మనిషి. పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో, దీపావళి ముందు, నేల మీద పరుచుకున్న కొమ్ముల మీద కాలు జారి పడి ఎడమ మోచేయి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక చూస్తే చెయ్యి వంగిన చోటే ఆగిపోయింది. రోజూ సాగదియ్యమని డాక్టరు చెప్పాడు. సాగదీస్తే ప్రాణం పోతోంది కాబట్టి ఆమె దాన్ని కొంగులో దాచుకుని కూర్చుంది.

కూలీలను పెట్టుకునే ముకద్దం గంగాకిషన్ కబురు పంపాడు. శివరాత్రికి కొత్త మాలు దిగుతుంది. అప్పటికి రెండు చేతులతో గంప నెత్తికెత్తుకుంటే సరి, లేకుంటే ఆమె జాగాలో ఇంకొకామె. ఆ గంప తప్ప నీలవ్వకు వేరే ఆధారం లేదు.

చూడటానికి వచ్చిన రషీద్ సారు పరామర్శ జోలికి పోలేదు. మోచేతికి డీ ఆనించి, లంబకోణం అన్నాడు. తర్వాత దానికి పేరు పెట్టాడు. భుజం ఎ, మోచేయి బి, మణికట్టు సి. కలిపితే కోణం ఎబిసి. వంగిన చోటి అక్షరం ఎప్పుడూ నడుమే ఉండాలని గంటసేపు పాఠం చెప్పాడు. నొస్తున్నదని ఆమె మొత్తుకుంటే ఎక్కడని అడిగాడు. మోచేతి కాడ అంటే ఒప్పుకోలేదు. "బి కాడ" అన్నాకే వదిలిపెట్టాడు.

మర్నాటి నుంచి బడికి పోయే ముందు రోజూ హాజరు.

"ఎంతొచ్చింది సారు?"

"తొంభై రెండు. గిది చెయ్యా, వడ్లోళ్ల గునియానా? గునియా అయితె జెప్పు, వడ్లాయనకు ఇచ్చొస్త."

తన చెయ్యిని వడ్రంగి మూలమట్టంతో పోల్చిన ఆయన గడప దాటగానే నీలవ్వ కోపంతో నీళ్ల బిందె చేతికి తగిలించుకుని, ఆయన ఏడు తరాలను తిడుతూ, కళ్లనీళ్లు కారుస్తూ చెయ్యి సాగదీసేది. మర్నాడు ఆయన చెప్పే అంకె ఆ కోపానికి ఏ మూలకూ సరిపోయేది కాదు.

"దినమంత గుంజిన సారు. గింతేనా?"

"డీ అబద్ధమాడదు నీలవ్వా. రేపు జర పెద్ద బిందె తగిలియ్యి."

క్రికెట్ స్కోరు అడిగినట్టు వాడకట్టంతా ఆమె డిగ్రీలు అడిగేది. తొంభై దాటిన చెయ్యి అధికకోణం కింద లెక్కని సారు చెప్తే, అయితే కూలి కూడా పెరుగుతదా అని ఎదురింటి లసుమవ్వ ఆరా తీసింది.

శివరాత్రి వారంలోకి వచ్చింది. సారు చెప్పిన అంకె నూట నలభై ఎనిమిది. గంప ఎత్తాలంటే నూట అరవై కావాలని చెప్పింది కూడా ఆయనే. ఇక పని పోయినట్టేనని నీలవ్వ ఏడ్చి, ఆఖరి ఆశగా నిజామాబాద్ దవాఖానకు పోయింది. నొప్పి ఎక్కడని డాక్టరు అడిగితే బి కాడ అంది. ఆయన కొంచెంసేపు ఆమె తలకేసి చూసి, కోణం కొలిచే స్టీలు కొలబద్దతో మోచేయి కొలిచాడు. నూట అరవై మూడు. ఇంత బాగా ఎవరు సాగదీయించారని అడిగాడు.

బస్సు దిగి ఆమె నేరుగా సారు ఇంటికే పోయింది. ఆయన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు.

"సారు, డాక్టరేమో నూట అరవై మూడు అంటున్నడు. మీ డీ పాడైందా?"

సారు కంచంలోకి ఇంకో గరిటె పప్పు వేసుకున్నాడు. ఆయన భార్య షరీఫున్నీసా వంటింట్లోంచి నవ్వుకుంటూ వచ్చింది.

"రెండు నెలల సంది గిదే లొల్లి నీలవ్వా. పొద్దుగాల నీకొక లెక్క జెప్తడు, మాపటికి నాకొక లెక్క జెప్తడు. తప్పు జెప్పినందుకు అన్నం సయిస్తలేదు ఈయనకు."

"నిజం జెప్తె సంబరపడి ఆపేస్తవనుకున్న" అని గొణిగాడు సారు. "మొదట్ల రెండు డిగ్రీలే తగ్గించిన. తర్వాత చెయ్యి తిరిగింది."

శివరాత్రి మర్నాడు గంగాకిషన్ చూస్తుండగా నీలవ్వ గంప నెత్తికెత్తుకుంది. ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

కొలత మాత్రం ఆగలేదు. పొద్దున ఆమె సారు ముందు చెయ్యి చాచేది, ఆయన అంకె చెప్పేవాడు. మాపటికి పని నుంచి వచ్చాక గోడ మీంచి తొంగి చూసి షరీఫున్నీసాను అడిగేది.

"ఇయ్యాల నూట డెబ్బై అన్నడక్కా. ఎన్ని కలుపుకోవాలె?"