గోడ పక్క చిరునామా

మహాదేవమ్మ చేతిలోని దబ్బనం తెగిన బ్యాగు పట్టీలోకి దిగింది. అల్లం బస్తాలు కుట్టి కాయలు కాసిన చేతులవి. జహీరాబాద్‌లో హైవే పక్క గోడకు కట్టిన టార్పాలినే ఆమె ఇల్లు. బ్యాగు సర్కారు ఉద్యోగి శ్రీకాంత్‌ది. అతను కాగితాలు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"సాయంత్రంకల్లా ఖాళీ చెయ్యాలె, అవ్వా."

"మొన్న మీవోళ్ళే ఇల్లిస్తమని పేరు రాసుకున్నరు. ఎల్లుండి వచ్చి చూస్తరట, ఈడ లేకుంటే పేరు తీసేస్తరట. ఉండాల్నా, పోవాల్నా బిడ్డా?"

శ్రీకాంత్ చంకలోని కాగితాల్లోంచి ఇళ్ళిచ్చేవాళ్ళ జాబితా, ఖాళీ చేయించేవాళ్ళ జాబితా తీసి పక్కపక్కన పెట్టి చూశాడు. ఇళ్ళ జాబితాలో ఆమె చిరునామా ఈ గోడే. ఖాళీ చేయించే జాబితాలోనూ ఈ గోడే.

"నాకే సమజైతలేదు, అవ్వా."

"సదువుకున్నోనివి, నీకే గట్లుంటే నాకెట్ల తెలుస్తది?"

ఆమె ముడి బిగించి, దారం పళ్ళతో తెంపి, పట్టీ లాగి చూసింది.

"గట్టిగ కుట్టిన. రెండు కాగితాలూ పెట్టుకో, తెగదు," అంటూ బ్యాగు అతని చేతికిచ్చింది.