మూడో హవాయి

మెడలో దండ పడేసరికి నాకిక నూకలు చెల్లాయనుకున్నాను. కౌంటర్ వెనకనించి వచ్చిన ఫిలిప్పీన్స్ ఆయన పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ "అలోహా!" అని ఆ దండ వేశాడు. ఎర్రవీ పసుపువీ ప్లాస్టిక్ పూలు. అక్కడితో ఆగకుండా వంగి, నేను చేయిపట్టుకున్న బుల్లిపిల్ల మెడలో ఒకటి వేసి, మా మేడం చేతిలో ఒకటి పెట్టాడు. వాళ్ళిద్దరూ మురిసిపోతున్నారు. నేను మాత్రం ఒక చేత్తో పిల్లనీ, ఇంకో చేత్తో నా నీలం రెక్సిన్ బ్యాగునీ పట్టుకుని కొయ్యలా నిలబడిపోయాను. మా వైపు మనిషి మెడలో దండ ఊరికే వెయ్యరండీ. పెళ్ళికి వేస్తారు, పెళ్ళికొడుకు కనుచూపుమేరలో లేడు. విమానం ఎక్కేవాళ్ళకి వేస్తారు. ఇంకో సందర్భంలోనూ వేస్తారుగానీ అది వేయించుకున్నవాళ్ళకి తెలియదు. 'అయిపోయింది, ఇవాళతో నన్ను పంపించేస్తున్నారు' అనుకున్నాను.

ఆ రోజుల్లో నాకు బాగా వచ్చిన విద్య భయపడటం ఒక్కటే. ఏడో తరగతితో బడి మానేసిన కోనసీమ పిల్లని, ఇరవై రెండేళ్ళదాన్ని, దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో నాలుగేళ్ళ పిల్లని చూసుకునే పనికి వచ్చి మూడు నెలలైంది. ఇంటిదగ్గర నన్ను బేబమ్మ అనేవారు, అక్కడ బేబీనైపోయాను. (ఇంట్లో బేబీ అని పిలవాల్సిన పిల్ల ఇంకొకతె ఉండగా!) మాట మహా ఇబ్బందిగా ఉండేది. మేడం ఏం చెప్పినా మా ఊరి అలవాటుకొద్దీ "ఆయ్, ఆయ్" అనేదాన్ని. ఆవిడకి కాస్త ఇంగ్లీషు వచ్చు కాబట్టి నాకు కంటిజబ్బేమో అనుకుని, రెండోవారంలో మందు తెచ్చి, నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి, రెండు కళ్ళలోనూ చుక్కలు వేసింది. ఎందుకు వేసిందో తెలియక దానికీ "ఆయ్" అన్నాను. ఇంకో రెండు చుక్కలు వేసింది.

ఆవిడ నాతో మాట్లాడేది హిందీ, అరబ్బీ కలిపిన ఒక రకం భాష. అందులో రెండు మాటలు రోజుకి వందసార్లు దొర్లేవి. ఒకటి ఖలాస్, అంటే అయిపోయింది. రెండోది మాఫీ, అంటే లేదు. పాలు మాఫీ, సబ్బు మాఫీ. మొదట్లో ఇదేమిటి, వీళ్ళు పాలనీ సబ్బునీ కూడా క్షమించేస్తున్నారు, ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. ఇక నా హిందీ అంతా బొంబాయిలో నేర్చిందే. విమానం కోసం తొమ్మిది రోజులు ఒకే గదిలో ఎనిమిదిమంది ఆడవాళ్ళం పడి ఉన్నప్పుడు ఏజెంటు మనిషి రోజూ గుమ్మంలో నిలబడి హవాయీ అడ్డా, హవాయీ జహాజ్ అని అరుస్తుండేవాడు. అలా నాకు తెలిసిన హవాయిలు రెండే. ఒకటి కాలికి వేసుకునేది, రెండోది గాల్లో ఎగిరేది.

అసలు భయానికి కారణం చెప్పలేదు కదూ. ఆ ఇంట్లో చుట్టాలొచ్చినప్పుడు సాంబ్రాణిలాంటి ధూపం వేసే మట్టిపాత్ర ఒకటుండేది, బంగారు గీతల మూతతో. అంతకు నాలుగు రోజుల ముందు తుడుస్తుంటే ఆ మూత నా చేతిలోంచి జారి మూడు ముక్కలైంది. పాత్ర మీద ఒక గుడ్డ కప్పేసి, ముక్కల్ని నా తువ్వాల్లో చుట్టేశాను. సరిగ్గా అప్పుడే పాలకొల్లక్క వచ్చింది. ఆవిడ ఆ ఇంట్లో వంటమనిషి, పాలకొల్లు దగ్గర మనిషి, ఆరేళ్ళ సీనియరు.

"ఏం సేసావే బేబమ్మా! అది మేడంకి వాళ్ళమ్మగారు ఇచ్చిందే. ఆ అమ్మగారు పోయి రెండేళ్ళయింది."

"సెప్పెయ్యనా అక్కా?"

"సెప్పెయ్యి."

"సెప్తే ఏమంటారు?"

"ఏమంటారు? ఖలాస్ అంటారు. నీ ముందున్న పిల్లని పంపేసినప్పుడూ ఆ ఒక్క ముక్కే అన్నారు."

"పోనీ సెప్పకపోతే?"

"దొరికిననాడు అంటారు. ఎల్లు, ముందా సేతులు కడుక్కో, మెరుపులంటుకున్నాయి."

ఇంత చక్కని సలహా విన్నాక నాకు ముద్ద దిగితే ఒట్టు. పంపేస్తే మా ఊళ్ళో ఏమనుకుంటారో నాకు బాగా తెలుసు. దుబాయ్ వెళ్ళి మూణ్ణెల్లకే తిరిగొచ్చేసిన ఒకావిడ గురించి మా వీధిలో ఏడాదిపాటు మాట్లాడుకున్నారు. అందరికంటే ఎక్కువ మాట్లాడింది నేనే. 'ఏదో చేసుంటుంది, ఊరికే పంపుతారా' అన్న మాట నాదే. ఇప్పుడు ఆవిడ మా ఇంటి ముందునించి నవ్వుకుంటూ నడిచి వెళ్ళడం కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది. దానికి తోడు ఈ బుల్లిపిల్ల ఒకటి. నా పక్కన తప్ప పడుకోదు. నేను నేర్పిన 'బువ్వ' తప్ప అన్నాన్ని ఇంకో పేరుతో పిలవదు. దాన్ని వదిలి వెళ్ళాల్సొస్తే మూతకంటే నేనే ఎక్కువ ముక్కలైపోతాను.

సార్ ఏదో పనిమీద వేరే దేశం వెళ్ళారు. మేడం పిల్లని తీసుకుని దుబాయ్‌లో సముద్రపక్క హోటల్లో మూడు రోజులు ఉండొద్దామనుకుంది. ఆ సంగతి నాకు చెప్పింది డ్రైవర్ భాయ్. పెషావర్ మనిషి, మీసాలు చూస్తే భయం, మాట చూస్తే వెన్న. కారు తుడుస్తూ, "బేబీ, సామాన్ బాంధో. ఆజ్ దుబాయ్, కల్ దోపహర్ హవాయీ" అన్నాడు. సామాను కట్టుకో, ఇవాళ దుబాయ్, రేపు మధ్యాహ్నం హవాయి.

"హవాయీ?" అన్నాను.

"హాఁ. మేడం బోలీ. తుమ్హారే వాస్తే" అన్నాడు. నీ కోసమేనట. పైగా మీసాల కింద ఒక నవ్వు.

ఇంకేం కావాలి? తువ్వాల్లో ముక్కలతో సహా నా బట్టలన్నీ బ్యాగులో సర్దేశాను. పాలకొల్లక్క గుమ్మందాకా వచ్చి, "ఎల్లిరావే. మూడ్రోజులేగా" అంది. పిచ్చి మనిషి, ఆవిడకి తెలియదు అనుకుని ఆవిడని వాటేసుకుని ఏడ్చాను. "సముద్రం సూట్టానికి ఏడుత్తావేంటే?" అని నన్ను విదిలించుకుంది. హోటల్లో దిగగానే మేడం కౌంటర్ మీద పాస్‌పోర్టులు పెట్టింది. అందులో నాదీ ఉంది. అజ్మాన్‌లో దిగిన రోజు వాళ్ళు తీసుకున్నాక మళ్ళీ అదే చూడటం. (హోటల్లో దిగే ప్రతివాళ్ళదీ చూస్తారని నాకేం తెలుసు? నేను అంతకుముందు దిగిన హోటల్ ఏదీ లేదు.)

అలా మర్నాడు మధ్యాహ్నం బ్యాగుతో సహా ఆ దండ వేసిన చోటికి వచ్చాను. బ్యాగెందుకని ఎవరూ అడగలేదు, పిల్ల బట్టలనుకున్నారట. ఇసక ఒడ్డున చెక్కల కొట్టు, పైన ఎండుగడ్డి కప్పు, గోడమీద గాలిబుడగల్లాంటి అక్షరాలతో, నాకు చదవడం రాని బోర్డు. మేడం బొమ్మలు చూపించి ఏవో చెప్పింది. నా వైపు వేలు పెట్టి మరీ "రైస్, రైస్" అంది. ప్రయాణం చేసేవాళ్ళకి కడుపునిండా పెట్టి పంపాలని వీళ్ళకీ ఉంటుంది కాబోలు. ఆ దండాయన ఐస్‌క్రీం తీసే గుండ్రటి గరిటె అన్నంలో ముంచి, టక్కు టక్కున నొక్కి, తెల్లటి అట్టపెట్టెలో వేసి, నా ముందుకి తోశాడు.

పెట్టె మూత తీసి చూశాను. ఒక పక్కగా, నున్నగా, గుండ్రంగా, తెల్లగా రెండు పిండాలు!

అవునండీ, పిండాలే. మా తాతయ్య దినం నాడు గోదారి ఒడ్డున పెట్టినవి ఇంతకంటే కాస్త చిన్నవి. పక్కన తియ్యటి నల్లపులుసులో కాల్చిన కోడి, ఇంకో పక్క చల్లగా, తెల్లగా, వానపాముల్లాంటివేవో ముద్ద చేసినవి. (మాకరోనీ అని తర్వాత తెలిసింది. ఇప్పుడు నేనే చేస్తాను, ఇష్టంగా తింటాను. అప్పుడు మాత్రం కళ్ళు మూసుకుని మింగాను.) మెడలో దండ, ముందు రెండు పిండాలు, ఎదురుగా నీళ్ళు. ఇక నేను బతికున్నానా అన్న ఒక్క అనుమానం తప్ప అన్నీ సరిగ్గా కుదిరాయి. పక్కనించి బుల్లిపిల్ల "బేబీ, బువ్వ! బువ్వ!" అని చప్పట్లు కొడుతోంది.

"ఖావో బేబీ, అచ్ఛా సే ఖావో" అంది మేడం. బాగా తినమంటోంది. కాదంటే ఎలా? వేళ్ళతో ఇంత చిదిపి నోట్లో పెట్టుకున్నాను. అన్నం మంచిదే, వేడిగా, కాస్త జిగురుగా, మా ఇంట్లో కొత్తబియ్యంలా ఉంది. ఆ రుచికి ఇల్లు గుర్తొచ్చి, ఇంటికే పంపుతున్నారన్నది గుర్తొచ్చి, గ్లాసు అందుకున్నాను. నీళ్ళు తాగుతుంటే సముద్రంమీంచి ఒక పిట్ట వచ్చి బల్ల అంచున వాలింది. అచ్చం సున్నం వేసిన కాకిలా ఉంది. ఒకసారి తల వాల్చి నన్ను చూసింది. ఒకసారి పెట్టెలోకి చూసింది. టప్పున రెండో పిండంలో ముక్కు పొడిచి, ఇంత ముద్ద కరుచుకుని ఎగిరిపోయింది.

ముట్టేసింది! మా వైపు కాకి ముట్టాలని గంటలకొద్దీ బతిమాలతారు, పోయినవాళ్ళ కోరిక ఏదైనా మిగిలుంటే ముట్టదని. ఇదేమో పిలవకుండానే వచ్చింది. నా కోరికలన్నీ తీరిపోయాయని దీనికెవరు చెప్పారు? నాకింకా ఒక్కటీ తీరలేదే, నేనింకా బంగారు గాజులు కూడా కొనుక్కోలేదే అని నేను లెక్కపెట్టుకుంటుంటే, మేడం చేతిగడియారం చూసుకుని, నా పెట్టె వైపు చూసి అడిగింది.

"బేబీ, ఖలాస్?"

తినడం అయిందా అని అడిగిందావిడ. మాట చివర తోక లేపి అడిగింది. నాకా తోక వినబడలేదు, ఖలాస్ ఒక్కటే వినబడింది. అంతే, కూర్చున్నదాన్ని లేచి, బ్యాగుని గుండెకి హత్తుకుని, దండతో సహా ఆవిడ కాళ్ళమీద పడ్డాను. "నై మేడం! హవాయీ జహాజ్ నై! ఘర్ నై! మీ కాళ్ళట్టుకుంటాను మేడం, నన్ను పంపెయ్యకండి! పాపనొదిలి నేనుండలేను మేడం!" అని సగం హిందీ, సగం కోనసీమ. అటూ ఇటూ తింటున్నవాళ్ళు చెంచాలు ఆపేశారు. నన్ను చూసి బుల్లిపిల్ల ఆకాశం దద్దరిల్లేలా ఏడుపందుకుంది. దండాయన పరుగెత్తుకొచ్చి, ఏం చెయ్యాలో తోచక, నా మెడలో ఇంకో దండ వేశాడు.

పక్కబల్ల దగ్గర తింటున్న డ్రైవర్ భాయ్ వచ్చి, నన్ను లేవదీసి, మూత సంగతి తప్ప మిగతా విషయమంతా ముక్కలుముక్కలుగా రాబట్టాడు. విన్నాక ఆయన మీసాలు అదిరాయి. తర్వాత భుజాలు అదిరాయి. బోర్డుకేసి చెయ్యి చూపించి, "అరే బేబీ! యే ఖానేవాలా హవాయీ!" అన్నాడు. ఇది తినే హవాయట. సముద్రం మధ్యలో అదొక దీవట, అక్కడ ఇలాగే అన్నం గుండ్రంగా పెడతారట, వచ్చినవాళ్ళకి దండలు వేస్తారట. అంటే మూడో హవాయి కూడా ఒకటుందన్నమాట! ఉంటే ముందు చెప్పొద్దూ?

మేడం నల్లముసుగు అంచు నోటికడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వి, నవ్వి, ఉన్నట్టుండి ఆపేసి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "తుమ్ చార్ దిన్ ఖానా మాఫీ" అంది. నాలుగు రోజులుగా నేను తినడంలేదని ఆవిడ చూస్తూనే ఉందట. ఇంట్లో వండే మసాలా అన్నం, రొట్టెలు పడటంలేదేమో, మా వైపు తెల్లన్నం మీద బెంగేమో అనుకుని, అది దొరికే చోటు ఎక్కడుందని వాళ్ళనీ వీళ్ళనీ అడిగి మరీ ఇక్కడికి తెచ్చిందట. డ్రైవర్ భాయ్ అన్న 'నీ కోసమే' అదన్నమాట. ఇదంతా చెప్పి, లేచి వెళ్ళి, పిట్ట తిన్నదానికి బదులు నాకు ఇంకో ముద్ద వేయించి, స్వయంగా తెచ్చి పెట్టింది.

అక్కడితో నా భయం పోవాలి కదా? పెద్దదైంది. తిట్టి ఉంటే ఆ ముక్కలు సముద్రంలో పారేసి హాయిగా పడుకునేదాన్ని. ఇంకో ముద్ద పెట్టింది మనిషి. బ్యాగు నా ఒళ్ళోనే ఉంది. అందులో వాళ్ళమ్మ మూత ఉంది. బ్యాగులో ఏముందే అని ఆవిడ అడిగితే 'బట్టలు మేడం' అన్నాను. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఆ మూడో ముద్ద కూడా అడుగంటా తినేశాను. భయంతో తినడం మానేసినదాన్ని సిగ్గుతో అంతా తిన్నాను.

ఆ ఇంట్లో ఆ తర్వాత నాలుగేళ్ళున్నాను. బుల్లిపిల్ల బడికెళ్ళడం, పై పళ్ళు ఊడటం, నాకే ఇంగ్లీషు తప్పులు దిద్దడం అన్నీ చూశాను. ఇప్పుడు మా ఇంట్లో గరిటెతో అన్నం గుండ్రంగా పెట్టినప్పుడల్లా, మెడలో రెండు దండలతో, ఒళ్ళో బ్యాగుతో అన్నం మింగుతున్న ఆ పిల్ల నా ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. దాన్ని చూస్తే నవ్వూ వస్తుంది, దగ్గరికి తీసుకుని తల నిమరాలనీ అనిపిస్తుంది. ఎంత భయస్తురాలైనా ఒక్క పని మాత్రం అది మంచిదే చేసింది.

ఆ మర్నాడు పొద్దున్న హోటల్లో, మేడం ఇంకా టీ తాగుతుండగానే, నీలం బ్యాగులోంచి తువ్వాలు తీసి, బల్లమీద విప్పి, మూడు ముక్కల్నీ బంగారు గీతలు కలిసేలా గుండ్రంగా పేర్చాను. దాచుకున్న హిందీ ఒక్కటీ నోటికి రాలేదు. ఆవిడ భాషలో 'లేదు', మన భాషలో 'క్షమించు' అయిన ఆ ఒక్క మాటే వచ్చింది. మూత ఎలాగూ లేదు, ఎలా విన్నా నిజమే కదా అనుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "మేడం, మాఫీ" అన్నాను.