సైనికుల మూటలో ఆవకాయ

ఇందులో ప్రతి అక్షరం నిజం. మా అమ్మాయి నెత్తిన చెయ్యి పెట్టి ప్రమాణం చేద్దును గానీ, ఆ సంగతి జరిగినప్పటి నుంచి అది నెత్తి అందనివ్వడం లేదు.

కరోనా రోజులు. ఐర్లండ్‌లోని కిల్కెన్నీలో ఉంటున్నాం. నర్సు అయిన మా ఆవిడకు పాజిటివ్ వచ్చి, మేడ మీద గదిలో తలుపేసుకుంది. కింద నేనూ, పన్నెండేళ్ళ మా అమ్మాయీ. బడి ఆన్‌లైన్‌కు మారాక పిల్ల క్లాసులో నోరు విప్పలేదు, కెమెరా తెరవలేదు. అలాంటిది మర్నాడు చరిత్ర పాఠం తనే చెప్పాలి.

మా ఇంట్లో ముద్దకో ముక్క కథ పడాలి. ఆ రాత్రి పప్పన్నం కలుపుతూ ఆ పాఠమే చెప్పాను. "అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, యుద్ధంలో పోరాడిన రైతులకు జీతాలు ఎగ్గొట్టి, పైగా పన్నులు కట్టమన్నారు. వాళ్ళు తిరగబడ్డారు. అణచడానికి సైన్యం కావాలా, ఖజానాలో చిల్లిగవ్వ లేదు. రేవు పట్నం వ్యాపారులు చందాలేసుకుని, మంచులో నడిచే సైనికులకు జీతం, తిండి చూశారు."

ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే.

"వాట్ డిడ్ దే ఈట్ ఇన్ ద స్నో, డాడీ?"

"ఆవకాయన్నం, అమ్మలూ! ప్రతి సైనికుడి మూటలో చిన్న జాడీ. మంచులో గడ్డకట్టనిది అదొక్కటే!"

ముద్ద లోపలికి పోయింది.

మర్నాడు కెమెరా తెరిచింది. చక్కగా చెప్పుకొస్తోంది. వ్యాపారులు అయ్యారు, చందాలు అయ్యాయి. "ఈచ్ సోల్జర్ గాట్ మ్యాంగో పికిల్."

టీచరు ఆగమంది. "అది ఎక్కడ చదివావు?"

నేను గుమ్మంలోంచి వింటున్నాను. ఇక జన్మలో కెమెరా తెరవదనుకున్నాను. ఇంతలో మేడ మీది నుంచి దగ్గుతూనే ఒక కేక: "ఏవండీ! ఆ ఆవకాయ మీరు పంపిందేనా?"

క్లాసంతా వినే ఉంటుంది. పిల్ల మొహం కందిపోయింది. నా వంక ఒక చూపు చూసి, తెర వైపు తిరిగింది.

"సారీ, మిస్. ద పికిల్ ఈజ్ మై డాడ్స్. ద రెస్ట్ ఈజ్ ఇన్ ద బుక్." ఆగలేదు. ఈ సైనికులకు డబ్బు దొరికింది గానీ, తిరగబడ్డవాళ్ళు సైనికులుగా ఉన్నప్పుడు దొరకలేదేం అని తనే క్లాసును అడిగింది. ఆ మాట నేను చెప్పింది కాదు.

టీచరు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి ప్రసంగం వినలేదంది.

సరే, ఒప్పుకుంటున్నాను. ఆ చప్పట్లు నా కల్పన. ఆవిడ "గ్రాండ్" అని, అంటే ఇక్కడి వాడుకలో 'సరే' అని, తరువాతి పిల్లను పిలిచింది, అంతే. మా అమ్మాయి మాత్రం క్లాసు అయ్యేదాకా కెమెరా మూయలేదు. దానికి నా కల్పన అక్కర్లేకపోయింది.